రెండు కంచాలూ ఖాళీ

3వ తేదీ, సోమవారం

రైలు కదిలి పావుగంట కాలేదు, ఆయన నా బుట్ట మీద పడ్డారు. "ఊరెళ్తున్నామా, కాపురం మారుస్తున్నామా?" అట. నవ్వితే నవ్వనీ. రెండు స్టీలు కంచాలు, మూత గట్టిగా పడే డబ్బాలు, చెంచాలు, నీళ్ళ సీసాలు, ఉతికి మడతపెట్టిన గుడ్డ రుమాళ్ళు, కూరగాయల కత్తి, చిన్న కరెంటు పొయ్యి. అంతే. ఈ ప్రయాణంలో ప్లాస్టిక్ గ్లాసుగానీ థర్మోకోల్ ప్లేటుగానీ ముట్టేది లేదు. ఏ ఊళ్ళో ఏది పండితే అదే కొనాలి. పట్టినంతే వడ్డించుకోవాలి, వడ్డించుకున్నాక మెతుకు మిగల్చకూడదు. మన కడుపు కోసం వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ చెత్త పోసి వస్తే ఎలా?

కుట్టుమిషన్లు బాగుచేయడానికి ఆయన ఏటా బట్టల కార్ఖానాలున్న ఊళ్ళన్నీ ఒక చుట్టు తిరిగొస్తారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ వెంట వెళ్ళలేదు. హాస్టల్లో వంటగది ఇన్‌ఛార్జికి సెలవెక్కడిది? ఈ వేసవితో ఆ ఉద్యోగం అయిపోయింది. "ఈసారి నువ్వూ రా" అన్నారు. బతిమాలినట్టే అన్నారు. ఆయన నోటివెంట అలాంటి మాట రావడమే వింత, అందుకే మారు మాట్లాడకుండా బయల్దేరాను.

మధ్యాహ్నం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, కీరదోస. సగంలో ఆపి కంచం నా వైపు జరిపారు.

"అదేంటండీ?"

"కూచుని కూచుని ఆకలెక్కడిది? నువ్వు తినెయ్. మిగల్చకూడదన్నది నువ్వేగా."

అన్నది నేనే. తినేశాను.

4వ తేదీ

మొదటి ఊరు. కార్ఖానా పైనే మాకు గది ఇచ్చారు. కింద మిషన్లన్నీ ఒకేసారి కదిలితే మా మంచం కూడా వణుకుతుంది. ఆయన పని చేస్తుంటే కాసేపు నిలబడి చూశాను. మిషన్ ముందు కూచుని, తొక్కి, తల వంచి చెవి దగ్గర పెట్టి వింటారు. ఏం విన్నారో ఏమో, ఒక స్క్రూ అర చుట్టు తిప్పి, నూనె చుక్క వేసి, "ఇక కుట్టమ్మా" అంటారు. ఇంట్లో నేను నాలుగుసార్లు పిలిస్తే పలకని మనిషి.

కార్ఖానా క్యాంటీన్లో థర్మోకోల్ ప్లేట్లు. నా డబ్బాలు ముందుపెట్టి వీటిలో వెయ్యమన్నాను. వడ్డించేవాడు మొహం చిట్లించాడు. "మీ ఒక్కరితో లోకం బాగుపడిపోద్దా అమ్మా?"

"లోకం సంగతి తర్వాత చూద్దాం. ముందు నా డబ్బా నింపు."

"ఆవిడతో పెట్టుకోకు నాయనా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఓడిపోతున్నా నేను," అన్నారు ఆయన. వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అసలు విశేషం అది కాదు. మాంసం కూర వద్దన్నారు. ఆదివారం మాంసం లేకపోతే ఇల్లంతా మూతి ముడుచుకుని తిరిగే మనిషి! "కిలో మాంసం వెనక ఎన్ని నీళ్ళు పోతాయో నువ్వేగా చెప్పావు" అన్నారు. ఎప్పుడో చెప్పాను. ఇన్నేళ్ళూ దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉండేది. ఇప్పుడు తలకెక్కింది కాబోలు. ఆలస్యమైనా సరే.

5వ తేదీ

ఇవాళా రెండు కంచాలూ ఖాళీ. తుడిచి పెట్టినట్టు.

7వ తేదీ

రెండో ఊరు. బస్సు దిగగానే బజారుకి వెళ్ళి, ఎదురుగా తోటలోంచి తెచ్చిన చిక్కుళ్ళు, బంగాళాదుంపలు కొన్నాను. గదిలోనే ఉడకబెట్టాను. తింటూ హాస్టల్ కబుర్లు చెప్పాను ఆయనకు. ఇంతకుముందు ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పిల్లలు తిని కంచాలు తెచ్చేచోట, చెత్త బక్కెట్టు పక్కన నా స్టూలు వేసుకుని కూచునేదాన్ని. ప్రతి కంచమూ నా కళ్ళ ముందు నుంచే పోవాలి. అన్నం మధ్యలో గుంట తవ్వి వదిలేసిన పిల్లకి ఇంటి మీద బెంగ. కూర తిని అన్నం వదిలితే బయట ఏదో చిరుతిండి తిన్నట్టు. మెత్తనివి తిని గట్టివి వదిలితే పన్నో గొంతో నొప్పి. నర్సు కంటే ముందు నేనే పట్టుకునేదాన్ని. ఒకసారి ఒక పిల్ల కంచం మూడు పూటలు వరసగా చూసి ఆసుపత్రికి పంపాను, కామెర్లని తేలింది.

ఆయన నమలడం ఆపి విన్నారు. "అయితే కంచం చూస్తే అంతా తెలిసిపోతుందా నీకు?"

"అంతా."

నవ్వారు. ఏదో ఆలోచిస్తూ కూచున్నారు. తర్వాత తన కంచంలో ఉన్నదంతా నా కంచంలోకి వంచి, నేను తినేశాక రెండు కంచాలూ తీసుకుని లేచారు. "ఇకనుంచి గిన్నెలు నేను కడుగుతా. ఇన్నాళ్ళూ నువ్వు కడిగావుగా."

ఈ మనిషికి ఏమైందో గానీ, అయినదేదో మంచిదే అయింది.

9వ తేదీ

కూరగాయల తొక్కలు, కాడలు పారేయకుండా మరగబెట్టి వడకట్టి సూప్ చేశాను. హాస్టల్లో ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆయన రెండు గ్లాసులు తాగారు. రోజూ ఇదే చెయ్యమన్నారు, పలచగా ఉంటే ఇంకా బాగుంటుందట. వండే ఖర్చు లేదు, చెత్త లేదు, ఇంతకంటే పద్ధతైన భోజనం ఉంటుందా? రొట్టె తుంచి అందులో నానేశాను. అది మాత్రం నాకే మిగిల్చారు.

తాగుతుంటే పొలమారింది. చాలాసేపు దగ్గారు. వేడివేడిగా గుటక వేస్తే అంతే మరి.

10వ తేదీ

ఆయన బెల్టుకి మిషన్ సూదితో ఇంకో చిల్లు పొడుచుకున్నారు. నడక ఎక్కువైంది కదా. నాకేమో బట్టలు బిగుతవుతున్నాయి. ప్రయాణం ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది.

11వ తేదీ

ఇక్కడి కార్ఖానాలో సూపర్‌వైజరు ఒకావిడ, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతుంది. "సార్ ఇక రానంటున్నారేంటండీ? ఇంకో మెకానిక్ నంబరిచ్చి, ఇకమీదట ఈయన్ని పిలవమన్నారు" అంది. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. అడిగితే, "వయసైపోలా?" అన్నారు. అదీ నిజమే. ఇక ఇంటిపట్టున ఉంటారు.

12వ తేదీ

వదిన ఇంటికి చేరాం. ఆయన అక్క. గుమ్మంలోనే ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏంట్రా, సగం నిన్ను ఎక్కడ వదిలేసొచ్చావ్?" అంది. ఆవిడ మాటలంతే, సూదిలో దారం ఎక్కించినట్టు సూటిగా ఉంటాయి. పట్టించుకుంటే కాపురాలు నిలవవు.

భోజనాల దగ్గర మళ్ళీ మా పద్ధతే. నాలుగు ముద్దలు కెలికి, నా కంచంలోకి వంచారు. నేను తినేశాను. వదిన ఎదురుగా కూచుని మమ్మల్నే చూస్తోంది. తర్వాత వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకి వేసింది.

"వాడేం తిన్నాడో చూశావా?"

"కంచం ఖాళీగానే ఉంది కదా వదినా."

"ఖాళీ అయితే సరిపోతుందా? ఎవరి కడుపులోకి పోయిందో చూడక్కర్లా? తిన్నది నువ్వు. వాడు కాదు."

ఒళ్ళు మండింది. ఆవిడకి మొదట్నుంచీ నా పద్ధతులంటే గిట్టదు. ఇంట్లో మిగిలిన అన్నమంతా పెరటి గోడ అవతల పోసే మనిషి, నాకు నీతులు చెబుతోంది. "ఆయన మారారు వదినా, మీకు మింగుడు పడటం లేదు" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు.

13వ తేదీ

పొద్దున్న రొట్టె, టీ. ఆయన మామూలుగా సగం నా వైపు జరిపారు. "నాకు ఆకలిగా లేదు. మీది మీరే తినండి" అన్నాను. వదిన మాట అబద్ధమని తేల్చుకుందామనే అన్నాను, ఇంకెందుకూ కాదు.

ఆయన ఆ ముక్క వైపు చాలాసేపు చూశారు. తుంచి టీలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. నములుతూనే ఉన్నారు. నాకేసి చూసి నవ్వి, లేచి కిటికీ దగ్గరకెళ్ళి వీధిలోకి చూస్తున్నట్టు నిలబడ్డారు. వీపు ఒక్కసారి వంగింది. రుమాలు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగి, "అయిపోయింది" అన్నారు.

గొంతు నొప్పి అయ్యుంటుంది. పొలమారింది కదా మొన్న.

13వ తేదీ, సాయంత్రం

గొంతు నొప్పి కాదు.

బుట్టలో రుమాళ్ళు తీసి చూశాను. ఉతికినా పోని మరకలు, ఒకదాని మడతలో నమిలి ఉమ్మిన రొట్టె. కంచాలతోపాటు రోజూ వాటిని కూడా ఆయనే ఉతుకుతున్నారు. నేను మురిసిపోతూ ఉన్నాను.

14వ తేదీ

అడిగాను. చెప్పారు.

బయల్దేరడానికి ముందు నుంచే ఉంది. మొదట మాంసం ఆగేది. తర్వాత అన్నం. ఇప్పుడు రొట్టె కూడా. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా వచ్చి నిలబడిపోతుంది" అన్నారు, మిషన్లో దారం ఎక్కడ చిక్కుపడిందో చూపించినట్టు. మా ఊళ్ళో డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళారు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకోమన్నాడట. ఆయన నాకు రైలు టికెట్టు కొన్నారు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నాతో తిరుగుతావా? నా రోగంతో తిరుగుతావు."

నేను చేతిలో ఉన్న రుమాలు మళ్ళీ మడతపెట్టాను.

"నా ఊళ్ళు నీకు చూపించాలనిపించింది. నీ జీవితమంతా ఊరి పిల్లల కంచాలు చూడ్డంతోనే సరిపోయింది, నా పని నువ్వెప్పుడూ చూడలేదు. ఒక్క చుట్టు తిరిగొచ్చాక చెబుదామనుకున్నా. ఏం, బాగాలేదా ప్రయాణం?"

బాగుంది. అదే నన్ను చంపుతోంది. ఇంత బాగున్న రోజులు నాకు గుర్తులేవు.

కోపం పట్టలేకపోతున్నాను. నా మాటనే నాకు అడ్డంపెట్టి నా కళ్ళు కప్పారు. మాంసం, నీళ్ళు, వృథా, అన్నీ నేను నేర్పిన పాఠాలే, ఒక్కొక్కటీ నాకే తిప్పి చెప్పారు. నేను గెలిచాననుకున్నాను. కసిరాను, "మీరు నన్ను మోసం చేశారు" అన్నాను. వదిన లోపలికి వచ్చి ఆయన్ని కొట్టబోయి, కొట్టలేక, ఆయన తల పట్టుకుని ఏడ్చింది.

17వ తేదీ

ఆసుపత్రి. ఈ ఊళ్ళోదే, వదిన ఇంటికి దగ్గర. గొట్టం వేసి చూశారు. గొంతుకీ పొట్టకీ మధ్య దారిలో గడ్డ. చెడ్డదే.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా హాస్టల్ పిల్లల వయసే ఉంటుంది. "ఇంత చిక్కిపోయారే, తినడం లేదని ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, రాసుకోవడానికి అడిగింది.

"కంచం ఖాళీగా వచ్చేదమ్మా" అన్నాను.

రాయడం ఆపి నా వైపు చూసింది. తర్వాత ఆపరేషన్ సంగతి చెప్పింది. చేయొచ్చట. కానీ ఈ ఒంటితో బల్ల మీద తట్టుకోలేరట. రెండు వారాల్లో కాస్త బలం పుంజుకుంటే చేస్తారు. అంతా ఆ రెండు వారాల మీదే ఉంది.

ఆయన తాగడానికి మందుల షాపులో చిన్న చిన్న సీసాలు అమ్ముతారు. పాలలా ఉంటుంది, బలానికి. ఒక్కో గుటకకి ఒక్కో ప్లాస్టిక్ సీసా, దానికో ప్లాస్టిక్ గొట్టం, గొట్టానికి మళ్ళీ ప్లాస్టిక్ కవరు. ఎక్కడో సముద్రాలవతల నుంచి వస్తుందట. పెట్టెడు కొన్నాను. షాపువాడు క్యారీబ్యాగ్ ఇస్తే అదీ తీసుకున్నాను.

19వ తేదీ

సగం సీసా.

20వ తేదీ

ముప్పావు. నాకు తెలుసు ఆయన మొండితనం.

21వ తేదీ

సగం. మధ్యలో దగ్గు.

మొదట్లో ఖాళీ సీసాలు కడిగి కిటికీలో వరసగా పెట్టాను, దేనికైనా పనికొస్తాయని. ఇవాళ ఆయా అన్నీ ఊడ్చి తీసుకుపోయింది. వద్దనలేదు. నేలతల్లి మీద నాకున్న ప్రేమంతా ఈ మంచం దగ్గర ఆగిపోయింది. ఊరంత ప్లాస్టిక్ అడిగినా ఇస్తాను, ఆయన మింగితే చాలు.

22వ తేదీ

పావు.

ఆయన నన్ను ఆటపట్టించాలని చూశారు. "ఇన్‌స్పెక్టరమ్మా, మిగిల్చేస్తున్నా. కోప్పడవా?" అన్నారు. ఇంతకుముందయితే దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇవాళ సీసాలో మిగిలింది వాష్‌బేసిన్లో పారబోసి వచ్చాను.

25వ తేదీ

వదిన వచ్చి నన్ను ఇంటికెళ్ళి స్నానం చేసి రమ్మంది. వెళ్ళాను. ఆవిడ వండి ఉంచిన అన్నం ముందు కూచున్నాను. ఇన్నాళ్ళూ ఆయన వాటా కూడా తిని ఒళ్ళు పెంచుకున్నాను. ముద్ద ఎత్తబుద్ధి కాలేదు.

తిరిగొచ్చేసరికి వదిన ఆయనకి చెంచాతో పట్టిస్తోంది. ఇద్దరూ చిన్నప్పటి సంగతులేవో చెప్పుకుని నవ్వుతున్నారు. గుమ్మం బయటే నిలబడ్డాను కాసేపు. వదినకి క్షమాపణ చెప్పాలి. ఆవిడకి ఇలాంటివి గిట్టవు. తన సంచి మోసిపెట్టాను బస్సుదాకా, అర్థమైందనుకుంటా.

27వ తేదీ

రెండు గుటకలు.

28వ తేదీ

నీళ్ళు కూడా ఆగుతున్నాయి. చేతికి సెలైన్.

31వ తేదీ

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. కుర్చీ తెచ్చి వేసింది, కూచోమంది. కుర్చీ తేవడంతోనే నాకు తెలిసిపోయింది. బలం పుంజుకోలేదు, ఈలోగా కాలేయం దాకా పాకింది. ఇక కోయరు. గొట్టంతో ఆహారం ఎక్కిస్తామంటే ఆయన వద్దన్నారట, నేను లేనప్పుడు, నిన్న. ఇంటికి తీసుకెళ్ళండి అంది.

లోపలికొచ్చి మంచం మీద కూచున్నాను. ఆయన నా మొహం చూశారు. నా చెయ్యి తీసుకుని, నూనె మరకలు ఎంత కడిగినా పోని ఆ వేళ్ళతో నా వేళ్ళు సర్దారు.

"ఇంకా ఒక ఊరు మిగిలిపోయింది. అక్కడి కార్ఖానా నది ఒడ్డునుంటుంది. నువ్వు చూడలేదు" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా. వార్డులో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

2వ తేదీ

ఇంటికి వెళ్ళే రైలు. వదిన వచ్చి ఎక్కించింది, బండి కదిలాక కూడా కాస్త దూరం కిటికీ ఊచ పట్టుకుని నడిచింది. ఆయన కింది బెర్తులో రెండు దిండ్లు ఆనుకుని కూచున్నారు. ఎండ మొహం మీద పడుతుంటే తెర వేయబోయాను, వద్దన్నారు.

మధ్యాహ్నం ఏదో స్టేషన్లో ఆగింది. వేయించిన చేప, అన్నం అమ్ముకుంటూ ఒకావిడ కిటికీ పక్కకి వచ్చింది. అన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో.

"అది కొను," అన్నారు.

"ఎవరికి?"

"నీకు. నువ్వు తినడం మానేశావని నాకు తెలీదనుకున్నావా? కంచం చూడ్డం నీకొక్కదానికే వచ్చా?"

కొన్నాను. మూత తీయగానే వాసన బోగీ అంతా పరుచుకుంది. ఆయనకి బాధవుతుందని మూసేయబోయాను. చెయ్యి అడ్డుపెట్టారు.

"తిను. తింటూ చెప్పు."

"ఏం చెప్పను?"

"ఎలా ఉందో."

ఒక ముద్ద పెట్టుకున్నాను. చేప చల్లారిపోయి మెత్తబడింది, ఉప్పు కూడా సరిగా లేదు. "బాగుంది," అన్నాను. "అంచులు కరకరలాడుతున్నాయి. కారం కొంచెం ఎక్కువే."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ముల్లు తీశావా?"

"తీశాను."

"నిమ్మకాయ పిండారా?"

"పిండారు." ఎక్కడా లేదు నిమ్మకాయ.

ఆయన గొంతు మీద ఎముక పైకి లేచి, మెల్లగా కిందికి దిగింది. నోట్లో ఏమీ లేదు. అయినా మింగారు. ఈ నెలరోజుల్లో ఆయన ఇంత సులువుగా మింగడం నేను చూడలేదు.

"ఇంకో ముద్ద," అన్నారు.

నాకు గొంతు దాటడం లేదు. అయినా పెట్టుకున్నాను, ఎలా ఉందో చెప్పాను.